నాయిన గోడకు గుండు పట్టిన రోజు

మా నాయిన మేస్త్రి. పాలమూరు లేబర్ అంటే దేశంల ఎక్కడ డ్యాం కట్టినా రోడ్డు ఏసినా ఉంటరని అంటరు చూడు, ఆ మనుషులల్ల మా నాయిన కూడ ఒకడు. పద్దెనిమిదేండ్లకే ముంబై పోయిండు, ఆడ తట్ట మోసుకుంటనే తాపీ పట్టుడు నేర్సుకున్నడు, తర్వాత హైదరాబాద్‌ల మాదాపూర్ దిక్కు బిల్డింగులు లేస్తున్నప్పుడు ఆడనే గుడిసె ఏస్కొని మమ్మల్ని సాదిండు. అరవై దాటినంక ఊరికొచ్చేసిండు. దేవరకద్ర దగ్గర మా ఊరు. ఇప్పుడు 73 ఏండ్లు. ఈ పోస్టు ఆయన కుడి కన్ను గురించి, దానికి వచ్చిన ఏఎండీ అనే రెటీనా జబ్బు గురించి. రాద్దాం రాద్దాం అనుకుంటనే రెండేండ్లు గడిపిన, మొన్న మా స్కూల్ల ఆయమ్మ వాళ్ల అమ్మకు కూడ ఇదే జబ్బని తెలిసింది, ఏడాది సంది "వయసుకు వచ్చేదే కదా" అని ఊకున్నరంట, అది విన్నంక ఇంక ఊకుండ బుద్ధి కాలేదు.

2023 ఎండాకాలంల మా చిన్నాయిన కొడుకు ఇల్లు కడుతుండె. నాయిన పొద్దుగాల చాయ తాగి అటు పోయి నిలవడి చూసుడు ఆయనకు అలవాటు. ఒకనాడు పోయి "ఏందిరా, గోడకు నడుమల పొట్టొచ్చింది, ఎట్ల పేర్సిన్రు ఇటుకలు" అని పిలగాండ్లను గట్టిగనే తిట్టిండు. ఆ పని చేసే మేస్త్రి చిన్నోడు, నాయిన అంటే మర్యాద, ఏం మాట్లాడకుండ గోడ నిలువు చూడనీకి దారానికి గుండు కట్టి పైనుంచి ఇడిచిండు. దారం గోడకు సక్కగ అంటుకొని ఉంది. నాయిన ఎప్పటి లెక్కనే ఎడమ కన్ను మూసి కుడి కన్నుతోటి గురి పెట్టి చూసిండు. మేస్త్రీలు అట్లనే చూస్తరు, యాభై ఏండ్ల అలవాటు. చూస్తే దారం కూడ వంకరనే ఉంది.

గుండు కట్టి ఇడిసిన దారం వంకర పోదు. అది నాయినకు తెలిసినంత ఎవ్వరికి తెల్వదు. ఇంక ఒక్క మాట మాట్లాడకుండ ఇంటికొచ్చి మంచంల పండుకున్నడు. ఇదంత మాకు చెప్పింది ఎప్పుడు, ఐదు నెలల తర్వాత, దవాఖానల డాక్టర్ అడిగితే.

ఆ రోజు ఆయన కుడి కంట్ల ఏం అయిందో ఇప్పుడు నాకు తెలుసు. మన కంటి వెనుక పర్దా లెక్క రెటీనా ఉంటది, దాని నట్టనడుమ చిన్న జాగా, దాన్ని మాక్యులా అంటరు. చదువుడు, సూదిల దారం ఎక్కించుడు, ఎదుటోని మొఖం గుర్తువట్టుడు, పైసలు లెక్కవెట్టుడు, ఇవన్ని చేసేది ఆ చిన్న జాగనే. పక్కల చూపు అంత మిగిలిన రెటీనాది. వయసు మీద పడ్డంక కొంతమందికి ఈ నడిమి జాగ కరాబ్ అయితది. ఇంగ్లీషుల ఏజ్ రిలేటెడ్ మాక్యులార్ డీజెనరేషన్, దవాఖానల అందరు ఏఎండీ అనే అంటరు. నొప్పి ఉండది, ఎర్రగ కాదు, నీళ్లు కారవు. పైగ ఒక కన్ను కరాబైతే రెండో కన్ను దాని పని కూడ చేసేస్తది, రెండు కండ్లు తెరిచి తిరిగేటోనికి ఏం తెల్వనే తెల్వది. నాయిన మేస్త్రి కాబట్టి, ఒక కన్ను మూసి చూసే అలవాటు ఉండవట్టి తెలిసింది. అదే మా అమ్మకు వచ్చి ఉంటే ఎన్నేండ్లకు తెలుస్తుండెనో.

జూన్‌ల చూపు ఇంక మసక అయిందంటే మా తమ్ముడు దగ్గరల ఉన్న ఒక కంటి క్లినిక్‌కి తీస్కపోయిండు. ఆడ టార్చి కొట్టి చూసి, అక్షరాల బోర్డు చదివిపిచ్చి, "పొర వస్తుంది, ఇంక ముదరలే, ముదిరినంక ఆపరేషన్ చేద్దాం, ఆరు నెలల తర్వాత రాండి" అని చుక్కల మందు రాసిచ్చిన్రు. పొర, అంటే శుక్లం, ఉన్నమాట నిజమే, ఆ వయసుల చానామందికి ఉంటది. కని కంట్ల చుక్కలేసి పాప పెద్దగ చేసి వెనుక పర్దా చూడలే. గీతలు వంకర కనవడుతున్నయని నాయిన చెప్పలే, వాళ్లు అడగలే. ఆ చిన్న ప్రశ్న అడిగి ఉంటే అని నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. పొర వస్తే మసక అయితది, పొగమంచుల చూసినట్టు. గీత వంగదు. గీత వంగిందంటే వెనుక పర్దా దగ్గరనే ఏదో జరుగుతుందని అర్థం, అది మాత్రం గుర్తు పెట్టుకోండి.

దసరా సెలవులకు నేను ఊరికి పోయిన. నేను మహబూబ్‌నగర్‌ల గవర్నమెంట్ హైస్కూల్ల లెక్కల టీచర్ని. అరుగు మీద కూసోని పదో తరగతి పిల్లలకు గ్రాఫ్ పేపర్ మీద బొమ్మలు గీస్తున్న. నాయిన పక్కన కూసున్నడు, బీడీ తాగుకుంట ఆ పేపర్ చేతిలకు తీస్కున్నడు, ఎడమ కన్ను మూసిండు, తెరిచిండు, మళ్ల మూసిండు. "బిడ్డా, ఈ కాగితం మీద గీతలు నడుమల గిట్ల గుంజినట్టు అచ్చేసిన్రేంది" అన్నడు. నాకు ఒళ్లు జల్లుమన్నది. ఏంటిదో తెల్వది కని ఏదో ఉందని మాత్రం తెలిసింది. మా స్కూల్ల సైన్స్ సార్‌కి ఫోన్ చేస్తే, "మేడం పండుగ సంగతి పక్కకు పెట్టి రెటీనా డాక్టర్ దగ్గరికి పొండి, మామూలు కండ్ల డాక్టర్ కాదు, రెటీనా చూసే డాక్టర్" అన్నడు. ఆ సార్‌కి నేను రుణపడి ఉన్న.

సద్దుల బతుకమ్మ అయింది, దసరా అయింది, మూడో రోజు పొద్దుగాల మొదటి బస్సుకే బయలెల్లినం. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దాటి ఆరాంఘర్ల దిగి ఆటోల పోయినం. హైదరాబాద్‌ల రెటీనా చూసేటివి చానా ఉన్నయి, గవర్నమెంట్‌ది అంటే మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి దవాఖాన, ఇంక బంజారాహిల్స్‌ల 1987ల పెట్టిన ఎల్వీ ప్రసాద్ ఉంది, ప్రైవేట్‌వి లెక్కలేనన్ని. మేము ఏడికి పోయినమనేది పెద్ద సంగతి కాదు, రెటీనా డాక్టర్ ఉండాలె, ఓసీటీ మిషన్ ఉండాలె, అంతే.

ఓసీటీ గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే ఈ జబ్బుల మన జీవితం అంత దాని చుట్టే తిరుగుతది. గదుమ ఒక స్టాండ్ మీద పెట్టి లోపల కనవడే గుర్తును చూడమంటరు, కొన్ని సెకండ్లే, కంటికి ఏది తాకది, నొప్పి లేదు. కాంతిని పంపి అది తిరిగొచ్చే తీరును బట్టి రెటీనా పొరలను అడ్డంగ కోసి చూపిచ్చినట్టు బొమ్మ ఇస్తది. ఈ పద్ధతి 1991ల అమెరికాల వచ్చింది. మామూలు కంట్ల మాక్యులా నడుమ చిన్న గుంట లెక్క కనవడాలె. నాయిన ఎడమ కంట్ల గుంట ఉంది. కుడి కంట్ల గుంట లేదు, గుట్ట లేసింది. దాని కింద నల్లగ నీళ్లు నిలవడ్డట్టు జాగ.

డాక్టరమ్మ స్క్రీన్ మా దిక్కు తిప్పి, "పెద్దాయన, మీరేం పని చేసేటోళ్లు" అని అడిగింది. మేస్త్రి అన్నడు. ఆ మేడం ఏం చెప్పబోయిందో కని నాయిననే బొమ్మ చూసి "కింద చెమ్మ ఎక్కింది, బండలు లేసినయ్" అన్నడు. మేడం రెండు సెకండ్లు ఆగి "కరెక్ట్, అదే" అన్నది. తర్వాత నెమ్మదిగ చెప్పింది, రెటీనా కింద కొత్తగ పిచ్చి రక్తనాళాలు మొలుస్తయి, అవి గట్టిగ ఉండయి, కారుతయి, ఆ నీళ్లకు పైన ఉన్న పొర లేస్తది, పొర లేస్తే గీత వంగినట్టు కనవడుతది. బండ కింద నీళ్లు తోడేస్తే బండ మళ్ల కూసుంటది కని చాన్నాళ్లు ఇడిసిపెడితే కింద గట్టి మచ్చ కడుతది, అప్పుడు ఇంక ఏం చేసినా పోదు. దీన్ని వెట్ అంటే తడి రకం అంటరు. ఏఎండీ వచ్చినోళ్లల్ల ఎక్కువమందికి ఉండేది పొడి రకం, డ్రై, అది మెల్లగ నడుస్తది. తడి రకం పది మందిల ఒకరికో ఇద్దరికో వస్తది కని చూపు గట్టిగ పోయేది ఎక్కువ దీంతోనే, అది కూడ వారాలల్ల నెలలల్ల. నాయినకు ఎడమ కంట్ల పొడి రకం ఉంది, పసుపు రంగు చిన్న చిన్న మచ్చలు, డ్రూసెన్ అంటరంట. ఒక కన్ను తడి అయినంక రెండోది కూడ అయ్యే భయం ఎక్కువ, అందుకే దాన్ని కూడ కాపాడుకోవాలె అన్నది.

అదే రోజు చేతి నరానికి పసుపు మందు ఎక్కించి కంటి ఫొటోలు తీసిన్రు, నాళాలు ఏడ కారుతున్నయో చూడనీకి. ఆ దినం మూత్రం పసుపు పచ్చగ వస్తది, భయపడొద్దని ముందే చెప్పిన్రు, మంచిపని చేసిన్రు, లేకుంటే నాయిన రాత్రంత గాభరా పడుతుండె. కుడి కన్ను చూపు 6/36, అంటే మంచి కన్ను 36 మీటర్ల నుంచి చదివేది నాయిన 6 మీటర్ల కాడికొస్తేనే చదువుతడు.

ఇంక సూది సంగతి. కంట్లకు సూది అంటే మా ఇంట్ల అందరం భయపడ్డం, అమ్మ అయితే ఏడ్చింది. ఎట్ల ఉంటదో ఉన్నది ఉన్నట్టు చెప్తా, నాయిన చెప్పింది, నేను బయట కూసోని విన్నది. ముందు మొద్దుబారే చుక్కలు మూడు నాలుగు సార్లు ఏస్తరు. తర్వాత బెటాడిన్ లెక్క గోధుమ రంగు మందుతోటి రెప్పలు, కన్ను కడుగుతరు, జర మంటనిపిస్తది, సూది కంటే అదే ఎక్కువ ఇబ్బంది అన్నడు నాయిన. అది ఎంత మంచిగ చేస్తే అంత మంచిది, ఇన్ఫెక్షన్ రాకుండ ఆపేది అదే. రెప్పలు మూయకుండ చిన్న క్లిప్ పెడుతరు. అటు చూడు అంటరు, తెల్లగుడ్డు దిక్కున, నల్లగుడ్డు అంచుకు మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల దూరంల సన్నటి సూది, మందు ఎంతనుకుంటున్నరు, 0.05 మిల్లీలీటర్. ఒక చుక్క. అయిపోయింది. నల్లగుడ్డుల గుచ్చరు, నడుమల గుచ్చరు. నాయిన బయటికొచ్చి "దీనికేనా మీ అమ్మ ఏడ్చింది" అన్నడు.

తెల్లగుడ్డు మీద ఎర్రగ రక్తం మచ్చ రావొచ్చు, వారం పదిరోజులల్ల పోతది. ఒకటి రెండు దినాలు నల్లటి బుడగలు తేలినట్టు ఉండొచ్చు. కని నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే, చూపు పడిపోతే, వెలుతురు చూడనీకి రాకపోతే, కన్ను ఇంక ఎర్రగ అయితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ దినమే పోవాలె. కన్ను లోపల ఇన్ఫెక్షన్ అది, చానా అరుదు, వేలల్ల ఒకరికి, కని వస్తే గంటలు కూడ లెక్కనే. మా ఊరు నుంచి మూడు గంటల దూరం కాబట్టి మొదటి సూదికి మేము హైదరాబాద్ల మా మేనమామ ఇంట్ల రెండు దినాలు ఉన్నం. దూరం ఊర్లోళ్లు వీలైతే అట్ల చేయండి.

మందుల పేర్లు కూడ రాస్తా, ఎందుకంటే దవాఖానల పేపర్ మీద పేరు రాసి రేటు చెప్పి "ఏది ఏయమంటరు" అంటే మనకు బుర్ర పనిచేయది. ఈ సూదులన్ని చేసే ముఖ్యమైన పని ఒకటే, ఆ పిచ్చి నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని అణచుడు. రానిబిజుమాబ్ 2006ల అమెరికాల వచ్చింది, ఇక్కడ అక్సెంట్రిక్స్ పేరుతోటి దొరుకుతది, దాన్ని పోలినట్టే తయారుచేసిన మందు (బయోసిమిలర్ అంటరు) మన దేశంల 2015ల రాజుమాబ్ వచ్చింది, రేటు తక్కువ. అఫ్లిబర్సెప్ట్ అంటే ఐలియా, 2011ది. ఫారిసిమాబ్ 2022ల వచ్చింది, కొంతమందికి సూదికి సూదికి నడుమ ఎక్కువ వారాలు పెట్టుకోవచ్చు. ఇంకొకటి బెవాసిజుమాబ్, అవాస్టిన్, అది అసలు పేగు క్యాన్సర్ కోసం వచ్చిన మందు, కంటికి అని రాసి ఉండది కని దునియా అంత డాక్టర్లు కంటికి వాడుతరు, రేటు మిగతావాటిల చానా తక్కువ. చౌక మందు కాబట్టి పనిచేయదేమో అని మేము భయపడ్డం. అమెరికాల ప్రభుత్వ పైసలతోటి క్యాట్ అనే స్టడీ చేసిన్రు, 2011ల వచ్చిన ఫలితంల అవాస్టిన్, రానిబిజుమాబ్ రెండింటికి చూపుల పెద్ద తేడా రాలే. ఒక్కటే జాగ్రత్త, అవాస్టిన్‌ను పెద్ద సీసాల నుంచి చిన్న సిరంజిలల్లకు పంచే కాడ శుభ్రం ఉండాలె, అందుకని పద్ధతిగ చేసే దవాఖానలనే ఏపిచ్చుకోవాలె. మా అభిప్రాయం అడిగితే, ఖరీదు మందు రెండు సార్లు ఏసి పైసలు అయిపోయి ఆపేసే కంటే, మీరు ఏండ్ల తరబడి భరించగల మందు ఆపకుండ ఏపిచ్చుకోవాలె. ఇది ఒక్కసారితోటి అయిపోయే పని కాదని డాక్టరమ్మ మొదటి దినమే చెప్పింది, అందుకనే మేము చౌకదే ఎంచుకున్నం. మేడం కూడ సరే అన్నది.

మొదట నెలకొకటి మూడు సూదులు. నవంబర్ మొదట్ల ఒకటి, డిసెంబర్ల ఒకటి, సంక్రాంతికి ఒకటి. రెండో సూదికి పోయేటప్పటికి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది, 2023 డిసెంబర్ 9 నుంచి, నాకు జీరో టికెట్, నాయినకు పైసల టికెట్. అది చిన్న సంగతి అనిపిస్తది కని నెల నెల పోయేటోళ్లకు ఎంత ఆసరనో పోయేటోళ్లకే తెలుసు. మూడు సూదులైనంక ఓసీటీల గుట్ట కూసుంది, పూర్తిగ కాదు కని గుంట మళ్ల కనవడ్డది. చూపు 6/18 కి వచ్చింది. నాయిన ఇంటికొచ్చి మొదలు చేసిన పని, చిన్నాయిన కొడుకు ఇంటికి పోయి గోడ చూసుడు. ఆ చిన్న మేస్త్రిని పిలిచి "గోడ సక్కగనే కట్టినవ్ బిడ్డా" అన్నడంట. అది నాకు అమ్మ చెప్పింది.

తర్వాత డాక్టర్లు చేసే పద్ధతి ఏందంటే, రెటీనా కింద నీళ్లు లేకుంటే సూదికి సూదికి నడుమ గడువు కొంచెం కొంచెం పెంచుతరు. ఆరు వారాలు, ఎనిమిది, పది. పొయిన ప్రతిసారి స్కాన్, ప్రతిసారి సూది, నీళ్లు కనవడితే గడువు మళ్ల తగ్గిస్తరు. నాయినకు పది వారాలకు చిన్న నీటి బుడగ కనవడ్డది, అంటే ఆయన కంటికి ఎనిమిది వారాలే సరైన లెక్క. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క లెక్క ఉంటది, పక్కింటాయనకు పన్నెండు వారాలు నడుస్తుందని మనకు నడవది.

ఇంక మా తప్పు చెప్తా. 2024 నవంబర్ మొదట్ల డేట్ పడ్డది. దీపావళి అయిపోయి కురుమూర్తి జాతర మొదలు. మా దిక్కు మనిషికి కురుమూర్తి స్వామి జాతర అంటే ఏందో చెప్పే పని లేదు, స్వామి పాదుకలు ఊరేగిచ్చే ఉద్దాల దినం నాయిన కొండకు పోకుండ ఒక్క ఏడు కూడ ఉండలే, ముంబైల ఉన్నప్పుడు కూడ వచ్చిండు. "మంచిగనే కనవడుతుంది కదా, జాతర అయినంక పోదాం" అన్నడు. నేను సరే అన్న. జాతర అయింది, వరి కోతలొచ్చినయ్, మిషన్ దొరకలే, వడ్లు ఆరబోసుడు, కొనుగోలు సెంటర్ల కాంటా కోసం కాపలా, నాకు స్కూల్ల పరీక్షలు. చూస్తుండంగనే డిసెంబర్ సగం దాటింది. ఎనిమిది వారాలు పద్నాలుగు వారాలైనయ్. పోయేటప్పటికి గుట్ట మళ్ల లేసింది, కొంచెం రక్తం కూడ కారింది. మళ్ల నెలకొక సూది. నీళ్లు పోయినయ్ కని చూపు 6/24 దగ్గరనే ఆగింది. అప్పటి 6/18 మళ్ల రాలే. డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలే, తిడితే మంచిగుండు అనిపిచ్చింది. మంచిగ కనవడుతుంది అంటే సూది పని చేస్తుందని అర్థం, సూది అక్కర్లేదని కాదు, ఇది నేను లెక్కల టీచర్నయ్యుండి తెలుసుకోనీకి ఒక గీత చూపు పోగొట్టిన.

అప్పటి సంది ఇంట్ల చూసుడు గట్టిగ పట్టుకున్నం. దవాఖానల గళ్ల కాగితం ఇచ్చిన్రు, ఆమ్స్లర్ గ్రిడ్ అంటరు, స్విట్జర్లాండ్ కండ్ల డాక్టర్ మార్క్ ఆమ్స్లర్ పేరు. పది సెంటీమీటర్ల చదరం, అర సెంటీమీటర్ గళ్లు, నడుమల ఒక చుక్క. వంటింటి గోడకు, కిటికి పక్కన వెలుతురు పడే కాడ అతికిచ్చిన. నాయిన పొద్దుగాల మొఖం కడుక్కొని దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటడు, 2023ల మా ఊర్ల కంటి వెలుగు క్యాంపుల ఇచ్చిన అద్దాలే, మూరెడు కంటే తక్కువ, ఒక 30 సెంటీమీటర్ల దూరంల నిలవడుతడు, ఎడమ కన్ను చేత్తోటి కప్పి కుడితోటి నడిమి చుక్కనే చూస్తడు. చుక్క మీద నుంచి చూపు తిప్పకుండ, చుట్టు ఉన్న గీతలు సక్కగ ఉన్నయా, ఏడన్న వంగినయా, ఏడన్న గడి మాయమైందా, మసక ఉందా. తర్వాత కుడి కన్ను కప్పి ఎడమతోటి. రెండు నిమిషాల పని. కుడి కన్నుకు మచ్చ వల్ల ఎప్పుడూ ఉండే చిన్న వంకర ఉంది, దాన్ని నేను ఒక కాగితం మీద ఆయన చెప్పినట్టు పెన్సిల్‌తోటి గీసి తేదీ ఏసి పక్కన పెట్టిన. రోజు ఆయన పోల్చేది దాంతోటి. కొత్త వంకర వస్తే ఫోన్ చేయాలె, డేట్ కోసం ఆగొద్దు. ఈ కాగితం లేనోళ్లు బాత్రూం టైల్స్ గీతలు చూడండి, తలుపు చౌకటు చూడండి, కిటికి చువ్వలు చూడండి, కరెంటు స్తంభం చూడండి, ఒక కన్ను మూసి. అయితే ఇంట్ల చూసుకుంటున్నం కదా అని స్కాన్ మానొద్దు, కొన్నిసార్లు గీత వంగకముందే ఓసీటీల నీళ్లు కనవడుతయి.

పొడి రకం గురించి మా మేనత్త సంగతి. ఆమెకు రెండు కండ్లల్ల పొడి రకం ముదిరి నడుమల చూపు పోయింది. ఎదురుంగ నిలవడితే మొఖం కనవడది, గొంతు విని గుర్తువడుతది, తల ఒక పక్కకు తిప్పి చూస్తది, కొత్త కోడలు "అత్తమ్మ నా మొఖం చూడది" అని బాధవడ్డది పాపం. నాయినకు ఏసే సూదులు దానికి పనిచేయయి. 2023ల అమెరికాల రెండు మందులకు అనుమతి ఇచ్చిన్రు, అవి కూడ కంట్ల ఏసే సూదులే, కని రెటీనాల పాడైన జాగ పెరుగుడు మెల్లగ చేస్తయంతే, పోయిన చూపు తెయ్యవు. ఇంకొకటి. పోయినేడు మేనత్తకు గోడ మీద పూల పూల చీరలు ఆరేసినట్టు, వాకిట్ల చిన్న పిల్లలు ఆడుతున్నట్టు కనవడుడు మొదలైంది. మాట్లాడరు, సప్పుడు చేయరు, జర సేపుండి పోతరు. ఇంట్లోళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చిన్రు, ఆమె భయానికి ఎవ్వరికి చెప్పుడే బంద్ చేసింది. నేను డాక్టరమ్మను అడిగితే "పిచ్చి కాదు, గాలి కాదు, కంటి నుంచి బొమ్మ రాకపోతే మెదడు తనే బొమ్మలు ఏస్కుంటది, చార్లెస్ బోనె సిండ్రోమ్ అంటరు" అని చెప్పింది. 1760ల ఆ చార్లెస్ బోనె అనేటాయన తన తాతకు అట్ల కనవడిన సంగతి రాసిండంట. ఆ ముచ్చట మేనత్తకు చెప్పిన దినం ఆమె నా చెయ్యి పట్టుకొని చానాసేపు ఇడవలే. మీ ఇంట్ల చూపు తగ్గిన ముసలోళ్లు ఉంటే మెల్లగ అడగండి, వాళ్లు సిగ్గుకు, భయానికి చెప్పరు.

గోలీల సంగతి. ఎడమ కన్ను కోసం నాయినకు ఒక విటమిన్ గోలి రాసిన్రు. విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 యూనిట్లు, ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2, జింక్ 80, కాపర్ 2 మిల్లీగ్రాములు, ఇది అరెడ్స్ 2 లెక్క అంటరు, అమెరికాల పెద్ద స్టడీలు చేసి 2001ల ఒకటి, 2013ల ఒకటి చెప్పిన్రు. పొడి రకం నడిమి దశల ఉన్నోళ్లకు ముదిరే ప్రమాదం నాలుగుల ఒక వంతు తగ్గుతదని. చూపు పెంచది. జబ్బు లేనోళ్లు ముందుజాగ్రత్తకు మింగేది కూడ కాదు. పాత రకం గోలిల బీటా కెరోటిన్ ఉంటది, పొగ తాగేటోళ్లకు అది ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెంచుతది, బీడీ తాగేటోళ్లు సీసా మీద చూసి కొనండి. మా అమ్మ పొన్నగంటి కూర కండ్లకు మంచిదని వారంల రెండు సార్లు వండుతది. ఆకుకూరలు మంచివే, తినాలె. కని నందివర్ధనం పూల రసం, తేనె, ఆముదం కంట్ల పోసుడు మాత్రం చేయొద్దు, ముఖ్యంగ సూది అయిన కంట్ల.

బీడీ. ఈ జబ్బుకు వయసు, వంశం మన చేతుల లేవు, పొగ మాత్రం ఉంది. నాయిన యాభై ఏండ్ల సంది తాగిండు. మొదటి సూది దినం డాక్టరమ్మ అడిగితే తల దించుకున్నడు. జాతర కథ అయినంక, ఆ 6/24 అని రాసిన దినం, బస్టాండ్ల కట్ట తీసి చెత్తడబ్బాల ఏసిండు. రెండు సార్లు మళ్ల మొదలువెట్టి మళ్ల ఆపిండు. ఇప్పుడు ఐదు నెలలు.

ఇదంత నిన్న రాత్రి దాకా రాసిన. పొద్దుగాల ఆరున్నరకు అమ్మ ఫోన్ చేసింది, నాయిన మాట్లాడుతడంట అని. "బిడ్డా, కుడి కన్ను ఎప్పటి లెక్కనే ఉంది. ఎడమ కన్ను, చుక్కకు పైన రెండో గీత, మూడు గళ్ల కాడ జర గుంజినట్టుంది. నిన్న లేకుండె." ఇంకో డేట్ పదహారు రోజులకు ఉంది. దవాఖానకు ఫోన్ కొట్టిన, రేపు పొద్దుగాల రమ్మన్నరు. స్కూలుకు లీవ్ పెట్టిన. నాయిన ఇయ్యాల మాపటికే మహబూబ్‌నగర్‌కి వచ్చేస్తున్నడు, రేపు ఐదు గంటల బస్సు. వచ్చేటప్పుడు పెన్సిల్‌తోటి గీసిన కాగితం మర్చిపోకుండ తెమ్మన్న, జేబుల పెట్టుకున్న అన్నడు.